చలివేంద్రం నక్క, గిజిగాడి సంచులు

ఊరికే పోసే నీళ్లు తాగేముందు కుండ వెనక ఎవరు కూర్చున్నారో చూడండర్రా అంటే మావాళ్లు నవ్వుతారు. నవ్వనివ్వండి. తుమ్మలవాగు అడవి సంగతి వింటే ఆ నవ్వు కాస్త తగ్గుతుంది.

ఆ అడవి చాలా పెద్దది. వాగుకు ఇవతలివాళ్లకు అవతల చుట్టాలు, అవతలివాళ్లకు ఇవతల వియ్యాలవారు. జంతువులకు రాత రాదు కాబట్టి కబురు పంపాలంటే గడ్డిపోచకు ఆకులూ గింజలూ గుచ్చి దండ కట్టేవి. రేగాకు గుచ్చితే రేగుపొద దగ్గర అని అర్థం. తెల్లగింజ అంటే గుడ్లు, ఎర్రగింజ అంటే ప్రమాదం. ఏది ముందు, ఏది వెనక అనే వరసలోనే మాటంతా ఉండేది. ఆ దండల్ని కాకులు మోసేవి. కాకుల దారులు అడవంతా వలలా అల్లుకుని ఉండేవి గనుక దానికి కాకిజాలం అని పేరు పడింది.

వేసవిలో వాగు సన్నగిల్లింది. పశువుల కాపరులెవరో వదిలేసిన కుండ ఒకటి నక్కకు దొరికింది. వాగు మధ్య బండ మీద, తుమ్మకొమ్మ నీడలో నక్క చలివేంద్రం పెట్టేసింది. ఎగిరి ఎగిరి నాలుక పిడచకట్టిన కాకులన్నీ అక్కడే వాలేవి.

"ఎంత పుణ్యం మామా!" అనేది కాకి.

"పుణ్యానికేముందిలే కాకమ్మా. కాసేపు కునుకు తియ్యి. నీ దండలు ఎండకు వాడిపోకుండా నేను చూస్తుంటాను."

చూసేది. అబద్ధం చెప్పలేదు పాపం. ఒక్క దండ వదలకుండా చూసేది.

ఆ రోజుల్లోనే కౌజుపిట్ట రేగుపొద కింద గుడ్లు పెట్టి, అవతలి గట్టుకు మేతకు వెళ్లిన మొగుడికి దండ పంపింది. మొగుడు వచ్చేసరికి పొద కింద పెంకులే మిగిలాయి. "నా నుదుటి రాత ఇంతే," అని కౌజుపిట్ట ఏడ్చింది. అందరికంటే ముందు పరామర్శకు వచ్చింది నక్కే. మూతి తుడుచుకుని మరీ వచ్చింది.

బండకు సరిగ్గా పైన, తుమ్మకొమ్మకు గిజిగాడి గూళ్లు వేలాడేవి. గిజిగాళ్ల పెళ్లిచూపులు మీకు తెలిసే ఉంటాయి. మగపిట్ట గూడు సగం అల్లి పిలుస్తుంది. ఆడపిట్ట వచ్చి ఆ గూటిని గుంజి, కుదిపి, పోచలు పీకి పరీక్ష చేస్తుంది. నచ్చితే కాపురం, లేకపోతే మూతి ముడుచుకుని వెళ్లిపోవడం. మన గిజిగాడి గూళ్లను వద్దన్నవాళ్లే ఎక్కువ. అందుకని కొమ్మ నిండా సగం గూళ్లే. వాటి మధ్య దిగులుగా కూర్చున్న గిజిగాడికి కింద నక్క ఏం చేస్తోందో స్పష్టంగా కనిపించింది. తెల్లగింజ ఉన్న దండను అది ఎంత ముద్దుగా తడిమిందో కూడా కనిపించింది.

మర్నాడు నీళ్ల దగ్గర అందరూ చేరినప్పుడు గిజిగాడు గొంతు సవరించుకున్నాడు. "మన కబుర్లను దారిలో ఎవరో చదువుతున్నారు."

"నన్నే అంటున్నావా?" అని నక్క లేచి నిలబడింది.

"నీ పేరు నేనెత్తలేదే మామా. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలెందుకు తడుముకుంటావు?"

నక్క వెంటనే గొంతు తగ్గించింది. "సరే, ఎవరో చదివారే అనుకుందాం. చదివితే ఏం పోయింది? తప్పు చేయనివాడికి దాపరికమెందుకు? ఏం దున్న తాతా, నువ్వు చెప్పు."

అడవిలో పెద్ద అంటే దున్నపోతే. అది నెమరు ఆపి చాలాసేపు ఆలోచించింది. "నిజమే. నా దండల్లో గడ్డి, నీళ్లు, బురద తప్ప ఇంకేమీ ఉండవు. ఎవడు చదివితే నాకేంటి?"

"నీళ్లు పోసే చెయ్యిని అనుమానిస్తే కళ్లు పోతాయి," అంది కాకి. అందరూ తలా ఒక మాట అని గిజిగాడి నోరు మూయించారు. దాహం అలాంటిది మరి.

ఒక్క కౌజుపిట్ట మాత్రం సాయంత్రం తుమ్మచెట్టు కిందికి వచ్చి నిలబడింది. "అన్నా, మళ్లీ గుడ్లు పెట్టాను. ఈసారి బలుసుపొద కింద. ఆయనకు కబురు పంపాలి. ఒక్కదాన్నే అన్నీ కాచుకోలేను. పంపాలంటే భయం, పంపకపోతే ఇంకా భయం."

గిజిగాడు తన సగం గూళ్లకేసి చూశాడు. చిన్నదాన్ని ఒకటి తెంపి కిందికి తెచ్చాడు. "ఇది వద్దనిపించుకున్న గూడే గానీ, సంచిగా బాగానే పనికొస్తుంది. దీని మూతికి ఒక ముడి వేద్దాం. ఎవరు లాగినా బిగుస్తుంది. విప్పడం మాత్రం ముడి వేసుకున్నవాళ్లకే తెలుస్తుంది. నీ మొగుడు తన ముడితో ఒక సంచి అల్లుకుని నీకు పంపాలి. నువ్వు అందులో దండ పెట్టి లాగేస్తే చాలు, ఇక అతను తప్ప ఎవరూ విప్పలేరు, నువ్వు కూడా."

"నువ్వు?"

"నేనూ విప్పలేను. అల్లిక నేర్పుతాను గానీ, మీ ముడి నాకు చూపించకండి."

"పళ్లతో చింపేస్తే?"

"లోపలి దండ పోచను ముడికే కట్టాలి. సంచి చింపితే పోచ తెగి గింజలన్నీ చెల్లాచెదురవుతాయి. వరస పోతే మాట పోయినట్టే."

కౌజుపిట్ట ఆ గూటిని అటూ ఇటూ తిప్పి చూసింది. "దీనికి ఏమివ్వాలన్నా?"

"ఏమీ వద్దమ్మా. మీకు మిగిలిన ఈతాకు పీలికలుంటే తెచ్చి పడెయ్యండి, ఇంకొకరికి అల్లుతాను."

మొగుడు అల్లిక నేర్చుకుని తన ముడి వేసిన ఖాళీ సంచి పంపాడు. అలా కౌజుపిట్ట సంచి కాకిజాలంలోకి ఎక్కింది. దండల మధ్య ఒకే ఒక్క సంచి. బండ మీద దాన్ని చూడగానే నక్క కళ్లు మెరిశాయి. విప్పబోయింది, రాలేదు. కొరకబోయి ఆగింది. ఆగి నవ్వుకుంది.

"విప్పడమెందుకు? అడవంతా తెరిచి పంపుతుంటే ఒక్కతే మూసి పంపిందంటే, దాచుకోవలసింది దాని దగ్గరే ఉందన్నమాట."

ఆ సంచికి జవాబు తెచ్చిన కాకి వెనకే నక్క పొదల చాటున నడిచింది. కాకి బలుసుపొద దగ్గర వాలింది. నక్క దూకే లోపల కౌజుపిట్ట చూసింది. రెక్క విరిగినట్టు నేల మీద పొర్లుతూ, కుంటుతూ గుడ్లకు దూరంగా పరుగెత్తింది. తేలిగ్గా దొరికే కూరే కదా అని నక్క దాని వెంట పడింది. ముళ్లకంపల దాకా లాక్కెళ్లి కౌజుపిట్ట చివాలున ఎగిరిపోయింది. ఆ పూటకు గుడ్లు దక్కాయి. కానీ నక్కకు పొద తెలిసిపోయింది. జవాబు వెనకే మొగుడూ వచ్చేశాడు. చీకటి పడేలోపు మొగుడూ పెళ్లాలిద్దరూ గుడ్లను ఒక్కొక్కటే దొర్లించుకుంటూ వేరే చోటికి చేర్చారు. ఎక్కడికో ఎవరికీ చెప్పలేదు. చుట్టుపక్కల ప్రమాదం వస్తే మాత్రం వాళ్లకు కబురు అందాలి, వాళ్ల నుంచి కబురు వెళ్లాలి. అది ఎలా?

"తప్పు నాదే," అన్నాడు గిజిగాడు. "నీ ఒక్కదాని చేత మూయించాను. పదిమందిలో ఒక్కరే ముసుగేసుకుంటే అందరి చూపూ వాళ్ల మీదే ఉంటుంది."

ఇద్దరూ కలిసి దున్నపోతు దగ్గరికి వెళ్లారు. అది మెడ దాకా బురదలో ఉంది.

"మళ్లీ ఆ సంచుల గోలేనా? నాకు రహస్యాలు లేవని చెప్పానుగా."

"తెలుసు తాతా. నీ రహస్యం కోసం రాలేదు," అంది కౌజుపిట్ట. "నువ్వు నక్కతో కొట్లాడక్కర్లేదు. నా గుడ్లకు కాపలా కాయక్కర్లేదు. నీ బురద కబురు సంచిలో పెట్టి మూసి పంపు, చాలు. నీ సంచి చాటున నా సంచి దాక్కుంటుంది."

దున్నపోతు నెమరు ఆపింది. ఈసారి ఎక్కువసేపు పట్టలేదు. "ఇంత పెద్ద ఒళ్లు వేసుకుని పిట్టగుడ్డుకు నీడ ఇవ్వలేకపోతే ఈ ఒళ్లెందుకమ్మా? ఏదీ, ఆ ముడి నాకు నేర్పు. కొమ్ములతో పడుతుందా?"

పడింది. నాలుగుసార్లు తెగాక పడింది. దున్నతాత మూసి పంపుతున్నాడంటే కుందేళ్లు మూశాయి, జింకలు మూశాయి, ఉడతలు మూశాయి. ఎవరికి వాళ్లు తమ ముడి వేసిన ఖాళీ సంచులను కాకులకిచ్చి చుట్టాలకు పంపేవాళ్లు. సగం గూళ్లు అయిపోతే పొరుగు గిజిగాళ్లు వచ్చి కూర్చున్నారు. ఈతాకు పీలికలు గుట్టలు పడ్డాయి. ఒకప్పుడు మూతి ముడుచుకుని వెళ్లిన ఆడపిట్టలే వచ్చి ప్రతి సంచినీ గుంజి, కుదిపి, "ఇదిగో ఇక్కడ వదులు, అల్లడం కూడా రాదా?" అని తిట్టి మరీ మళ్లీ అల్లించేవి. తిట్టించుకున్న ప్రతిసారీ గిజిగాడు సంతోషపడ్డాడు. మనం కనిపెట్టిన కంత నక్క కనిపెట్టకముందే మూసుకుంటామని అతని లెక్క. అల్లికంతా పట్టపగలు అందరి ఎదుటే జరిగేది. చూడాలనుకుంటే నక్క కూడా చూడవచ్చు. చూసింది కూడా. చూసీ ఏమీ చేయలేకపోయింది.

ఇక నక్క నాలుకకు పని చెప్పింది. "జీతం బత్తెం లేకుండా తోడేలు మేకల్ని కాస్తానన్నదట! ఊరికే అల్లిపెడతాడట! ఇందులో మతలబు లేదంటారా?"

"నువ్వు మాత్రం నీళ్లు ఊరికే పోయడం లేదా మామా?" అన్నాడు గిజిగాడు పైనుంచి. "నీ దగ్గర తాగితే మా కబుర్లు నీకు తెలుస్తాయి. నా సంచి తీసుకుంటే ఎవరి కబుర్లూ నాకు తెలియవు. మతలబు ఎటుందో వీళ్లనే తేల్చుకోనివ్వు."

కాకి నీళ్లు తాగడం ఆపి నక్క వైపు చూసింది. మొదటిసారి.

నక్క పాచిక మార్చింది. "సరే, మూసుకోండి. మంచిదే. కానీ రేపు ఏ దొంగో ఈ సంచుల్లోనే కుట్ర పన్నితే? అందుకని ప్రతి ముడినీ విప్పే ఉపాయం ఒకటి నాకు చెప్పి ఉంచండి. నేనెప్పుడూ వాడను. అడవి క్షేమం కోసం, అంతే."

కుందేళ్లు ఒకదాని మొహం ఒకటి చూసుకున్నాయి. మాట వినడానికి బాగానే ఉంది. అప్పుడు దున్నపోతు నెమ్మదిగా బండ దగ్గరికి వచ్చింది.

"నక్కా, నీ బొరియకు రెండో దారి ఉంటుందంటారు. నిజమేనా?"

"ఉంటుంది తాతా. ఏ నక్కకైనా ఉంటుంది."

"అది ఎక్కడుందో అందరికీ చెప్పు. మేమెప్పుడూ రాము. అడవి క్షేమం కోసం, అంతే."

"అది... అది నా సొంత ఇంటి సంగతి కదా తాతా."

"మరి ఇది కూడా మా సొంత ఇంటి సంగతే నాయనా."

నవ్వు బండ దాటి రెండు గట్లకూ పాకింది. కాకి నవ్విన నవ్వుకు దాని ముక్కులోని నీళ్లు నక్క మొహాన పడ్డాయి.

ఆకలితో నక్కకు బుద్ధి నిలవలేదు. కాకి నీళ్లకు వంగినప్పుడు లావుగా ఉన్న సంచిని ఎత్తుకుపోయి కొరికింది. అది దున్నతాతది. లోపలి బురద ముద్ద సూటిగా కళ్లలో కొట్టింది. కళ్లు కడుక్కుని వచ్చి, ఈసారి బలుసాకుల వాసన వేసే చిన్న సంచిని చూసిపెట్టుకుంది. కౌజుపిట్ట మకాం మార్చినా బలుసుపొదల్లోనే ఉంటుంది కదా! ఆ సంచి మోసిన కాకి వెంటే నడిచింది. కాకి ఒక దట్టమైన పొద దగ్గర వాలి, సంచి పడేసి వెళ్లిపోయింది. లోపల ఏదో కదిలింది. నక్క లొట్టలేసి, మూతి లోపలికంటా దూర్చింది.

బలుసుపళ్లంటే ఏదుపందికి కూడా ఇష్టమే. ఆ సంగతి నక్కకు గుర్తు రాలేదు.

"ఎవరూ? నక్క బావేనా?" అంది ఏదుపంది, ముళ్లన్నీ నిక్కబొడుచుకుని. "పిలవని పేరంటానికి వచ్చావేం? వచ్చినవాడివి మూతి నిండా బొట్టు పెట్టించుకునే వెళ్లు."

తేలు కుట్టిన దొంగలా నక్క అరవలేదు. అరిస్తే ఎందుకొచ్చావని అడుగుతారు. మూతి నిండా ముళ్లతో బొరియలో దూరి, ఆ రెండో దారిన అడవి దాటిపోయింది.

కుండ మాత్రం బండ మీదే ఉండిపోయింది. దాన్ని ఇప్పుడు వంతులవారీగా నింపుతున్నారు. కాకులు నీళ్లు తాగి, సంచులు పక్కనే పెట్టుకుని హాయిగా కునుకు తీస్తాయి. తొలివాన పడ్డ పొద్దున కౌజుపిట్ట మొగుడితో, గునగున నడిచే పిల్లలతో బండ దగ్గరికి వచ్చింది. దున్నపోతు పిల్లల్ని చూసి తల పక్కకు తిప్పుకుంది. కంట్లో నలుసు పడిందట. పెద్దవాళ్లకు అలా పడుతుంటుంది. గిజిగాడు పైన కొత్త గూడు మొదలెట్టాడు. ఒక ఆడపిట్ట వచ్చి గుంజి, కుదిపి, ఏమీ అనకుండా లోపల కూర్చుంది.

మన చేతిలోని ఫోన్లో కబురు కూడా ఇలాగే నాలుగు మజిలీలు ఆగి, నాలుగు కుండల పక్కన పడుకుని వెళ్తుంది. దాని మూతి బిగించే అల్లికను ఎవరో కొందరు లాభం చూసుకోకుండా, ఒకరినొకరు తిట్టుకుంటూ, పట్టపగలు అల్లుతూనే ఉన్నారు. వాళ్ల కొమ్మ చల్లగా ఉండాలి. మనం మోసుకెళ్లి ఇవ్వగలిగింది నాలుగు ఈతాకు పీలికలే అయినా ఇద్దాం. దాచుకోవడానికి ఏమీ లేదనుకున్నా సరే, మన బురద కబురు మూసే పంపుదాం.

నీతి: అందరూ తలుపు వేసుకున్న ఊళ్లోనే ఆపదలో ఉన్నవాడి తలుపు దొంగ కంట పడదు.