బంతి లేని వైపు

ఎండలకు అడవిలో ఒక్క మడుగే మిగిలింది. ముందు తాగినవాళ్లకి నీళ్లు, తర్వాత వచ్చినవాళ్లకి బురద. తోడేళ్లూ జింకలూ కొట్టుకు చావకుండా సింహం బాస్కెట్‌బాల్ పోటీ పెట్టింది. గెలిచిన జట్టుది ముందు వంతు.

రిఫరీలు ముగ్గురు. నక్క చిదంబరం, కొంగ సుభద్ర, ఎద్దు బసవయ్య. ఎవరి చోటు వాళ్లదే. బంతి ఎటు పోయినా తన చోటు మీంచి చూపు తిప్పకూడదు. బసవయ్యకి బంతి లేని వైపు పడింది.

“నాకు తగ్గ పనే,” అన్నాడు బసవయ్య. “పదేళ్లు గానుగ చుట్టూ తిరిగినా నూనె ఎటు పోతోందో కనుక్కోలేని బుర్ర నాది. నిలబడమంటే మాత్రం నిలబడతాను.”

నిలబడ్డాడు. అడ్డం పెట్టబోయిన తోడేలు కాళ్లు అతన్ని చూసి వెనక్కి పోయాయి. దాంతో అతనికి ఈల వేసే పనే పడలేదు. చిదంబరం మాత్రం బంతి పక్కనే గెంతుతూ గంటలో నలభై ఈలలు వేశాడు. గట్టు మీది కోతులు ప్రతి ఈలకీ చప్పట్లు కొట్టాయి.

ఆఖరి నిమిషం. జింకలది ఒక్క పాయింటు పైచేయి. చిదంబరం బసవయ్య చెవి దగ్గరికి చేరాడు.

“నిద్రపోతున్నావా బావా? ఆ ఎద్దుని ఆట చూడ్డానికి పెట్టామా, మేయడానికా అని సింహంగారు అడుగుతున్నారు.”

“అంత మాటన్నారా?”

“నేనే సర్దిచెప్పాను. ఒక్కసారి బంతి దగ్గరికెళ్లి కనబడు. నీ చోటు నేను చూస్తాలే.”

“బసవన్నా, కదలకు!” బుట్ట కిందనుంచి సుభద్ర అరిచింది.

కదిలాడు. కోతులన్నీ అతని వైపు తిరిగాయి. మొదటిసారి చప్పట్లు! బసవయ్య మెడ ఎత్తాడు.

అతని వెనక, తోడేలొకటి లేడిపిల్ల కాళ్లకి అడ్డం పడింది. ఆమెకి రావాల్సిన బంతి లాక్కుని బుట్టలో వేసింది. ఆ చోటు చూస్తానన్న చిదంబరం తోక గోక్కుంటున్నాడు. ఆట అయిపోయింది.

“అక్కడ ఉండాల్సింది ఎవరు?” జింకలు గొల్లుమన్నాయి.

“బసవయ్యే,” అన్నాడు చిదంబరం, తల దించుకుని. “పాపం, చప్పట్లకి ఆశపడ్డాడు.”

అందులో రెండో మాట నిజమే. బసవయ్య ఎత్తిన మెడ దించాడు.

మర్నాడు తోడేళ్ల సరసన చిదంబరం తేటనీళ్లు తాగాడు. బురద కోసం జింకలు వరస కట్టాయి. వాటి వెనక నిలబడ్డ బసవయ్య దాహానికి ఆగలేక ఒక అడుగు ముందుకేశాడు. కుంటుతున్న లేడిపిల్ల వెనక్కి తిరిగింది.

“మామా, వరసలోనైనా నీ చోటు వదలకు.”

బంతి మీద అందరి కళ్లూ ఉంటాయి. అన్యాయం జరిగేది బంతి లేని వైపే.