పెరటి గడపకు పసుపు

రాతల ఇంటికి రెండు గుమ్మాలు. వీధి గడపకు పసుపూ కుంకుమా ఉండేవి. పెరటి గడప ఉత్త కొయ్య.

ఉత్తరం కావలసినవాళ్ళు వీధి గుమ్మం దగ్గర నిలబడి తమ మాట చెప్పుకునేవారు. ఇంటావిడ విని లోపలికి చెప్పేది. లోపల ఆవిడ మరిది, చెక్క గూళ్ళలోంచి మాటల అచ్చులు తీసి, వరసగా పేర్చి కాగితం మీద అద్దేవాడు. ఏ గూట్లో ఏ మాట ఉందో బయటివాళ్ళకి తెలియదు. తెలిసి వాళ్ళు చేసేదేముంది గనక?

అత్తగారి రోజుల్లో చూడాలి ఆ ఇంటి సందడి! వానలొస్తే గూళ్ళన్నీ ఈ గోడకి, ఎండలొస్తే ఆ గోడకి. "మన ఇల్లు, మన ఇష్టం" అంటూ ఆవిడ కొంగు బిగించేది. కోడలూ మరిదీ చెరో పక్కా పట్టుకుని నవ్వలేక చచ్చేవాళ్ళు. ఆ రోజులు తలుచుకుంటే ఇంటావిడకి ఇప్పటికీ కళ్ళు చెమరుస్తాయి.

ఆ ఊళ్ళో గాజులమ్మే ఆవిడ ఒకామె ఉండేది. ఆమెకి మాట రాదు, చదువూ రాదు. వీధి గుమ్మం దగ్గర ఏమని చెప్పుకుంటుంది పాపం? అత్తగారే ఒకనాడు చెయ్యి పట్టుకుని పెరట్లోంచి లోపలికి తీసుకొచ్చింది. ఏ గూట్లో 'కుశలం' ఉందో, ఏ గూట్లో 'బెంగగా ఉంది' ఉందో చేతికి చూపించింది. గూళ్ళు జరిపినప్పుడల్లా మళ్ళీ చూపించేది.

అప్పట్నించి ఆమె తిన్నగా పెరట్లోంచి వచ్చేది. గాజుల మలారం పొయ్యి పక్కన దించి, కావలసిన మాటలు తనే ఏరి ఇచ్చేది. పొరుగూళ్ళో ఉన్న చెల్లెలికి ఆమె మనసు చేరే దారి అదొక్కటే. పనయ్యాక పెరటి గడప మీద చతికిలబడి, ఇంటావిడ పెట్టిన చద్దన్నం తిని, గిన్నె కడిగి బోర్లించి వెళ్ళేది.

అత్తగారు పోయారు. తర్వాతి వానాకాలం కప్పు కారితే ఇంటావిడ గూళ్ళు జరిపించింది. గాజులావిడకి చూపించాలన్న సంగతే ఎవరికీ తట్టలేదు. ఆమె వచ్చి అలవాటు చొప్పున ఏరి ఇచ్చింది. మరిది అద్దేశాడు. 'తిరనాళ్ళకి రా' అని పోవలసింది 'రావద్దు' అని పోయింది. అక్కచెల్లెళ్ళ మధ్య మనమెవరం అనుకున్నాడాయన.

ఏటా వచ్చే చెల్లెలు ఆ ఏడు రాలేదు. గాజులావిడ తిరనాళ్ళంతా దారి చూస్తూ కూర్చుంది.

సంగతి తెలిసి ఇంటావిడ కుమిలిపోయింది. "గూళ్ళకి మేకులు కొట్టిస్తాను. పెరటి గడపకి పసుపు రాస్తాను" అంది.

"తొందరపడకు వదినా. పసుపు రాస్తే అదీ వీధి గుమ్మమే. ఊరంతా వస్తుంది. ఇక కప్పు కారినా, గోడ కూలినా గూళ్ళు జరపలేం."

"రాయకపోతే రేపు నేను పోయాక ఎవరో మేకులు పీకి గూళ్ళు జరుపుతారు. ఆమెకి ఎవరు చూపిస్తారు?"

మరిది సుత్తి అందుకున్నాడు. మేకులు తనే కొట్టాడు. ఇంటావిడ గడప కడిగి, పసుపు రాసి, కుంకుమ బొట్లు పెట్టింది.

అన్నట్టే ఊరు ఎగబడింది. పెరడంతా జనం. కప్పు కారిన చోట గిన్నెలు పెట్టుకుని నెట్టుకొచ్చారు.

ఓ పొద్దున గాజులావిడ వచ్చింది. పసుపు గడప చూసి ఆగిపోయింది. చెప్పులు విడిచింది. మలారం బయటే దించి, పైట సర్దుకుని, పిలిచేదాకా జనం వెనకాల నిలబడింది. లోపలికొచ్చి మాటలు ఏరింది. ఒక్కటీ తప్పు పోలేదు.

"ఈసారి చెల్లెలు వచ్చి తీరుతుంది వదినా" అన్నాడు మరిది సంతోషంగా.

ఇంటావిడ గబగబా గిన్నెలో చద్దన్నం కలిపి తెచ్చి ఇచ్చింది. గాజులావిడ అందుకుని, అలవాటుగా గడప వైపు నడిచి కూర్చోబోయి, చప్పున నిలబడిపోయింది. పసుపు రాసిన గడప మీద ఎవరు కూర్చుంటారు?

గిన్నె వైపూ గడప వైపూ చూసింది. అన్నం ముట్టకుండానే గిన్నెని మెల్లగా పొయ్యి పక్కన పెట్టి, ఇంటావిడకి రెండు చేతులూ ఎత్తి దణ్ణం పెట్టింది. అన్నేళ్ళలో ఆమె ఆ ఇంట్లో ఎవరికీ దణ్ణం పెట్టి ఎరగదు.