సేనాపతి పీట, నేతగాడి కాలు

గుమ్మడికోట రాజు మల్లభూపాలుడికి ఆ వేళ చిర్రెత్తుకొచ్చింది. రాదా మరి! ఓ తొంభై ఏళ్ల తాత కర్ర పొడుచుకుంటూ వచ్చి, "చిన్నప్పుడు పక్కింటివాడు నన్ను చింతచెట్టు మీంచి తోశాడు ప్రభూ, మోచెయ్యి గీరుకుపోయింది" అని ఫిర్యాదు చేశాడు. ఆ పక్కింటివాడు పోయి ఇరవై ఏళ్లయింది.

"ఇకమీదట దెబ్బ తగిలిన ముప్పై రోజుల్లోగా రావాలి. దాటితే వినేది లేదు!" అని రాజు చాటింపు వేయించాడు.

మూడు నెలలు తిరిగాయో లేదో, నేతగాడు ఈరయ్యను మంచం మీద మోసుకొచ్చారు. సేనాపతి సింగమనాయుడి గుర్రం అతన్ని తొక్కి కాలు విరగ్గొట్టింది.

"మగ్గం గుంటలో కూచుంటే కాలే కదయ్యా ఆడాలి! ఇంట్లో పొయ్యి వెలగట్లేదు," అని ఈరయ్య ఘొల్లుమన్నాడు.

"ఎన్నాళ్లయింది?" సింగమనాయుడు మీసం దువ్వుతూ అడిగాడు.

"నలభై రోజులు బాబూ. కట్టు విప్పేదాకా కదలొద్దన్నాడు వైద్యుడు."

"అయితే గడువు దాటింది. తీసుకుపోండి!"

రాజు ముఖం చిన్నబోయింది. తన మాటే తనకు అడ్డం పడింది.

కొలువులో నవ్వించడమే ఉద్యోగమైన కొమ్మనకు ఆ మాటతో ఒళ్లు మండింది. ఏం చేద్దామా అని చూస్తుంటే సేనాపతి కింద పీట కనిపించింది. రాజు ముందు ఎంతటివాళ్లైనా నిలబడాల్సిందే. పన్నెండేళ్ల కిందట యుద్ధంలో మోకాలికి బాణం తగిలిందని సింగమనాయుడొక్కడికే ఆ పీట మర్యాద.

కొమ్మన వెళ్లి పీట పట్టుకున్నాడు.

"లేవండి నాయుడుగారూ!"

"ఏమిటా వెటకారం?"

"ముప్పై రోజులు దాటిన దెబ్బ చెల్లదని మీరేగా అన్నారు? మీ దెబ్బకు పన్నెండేళ్లు. నిలబడండి మరి."

సింగమనాయుడు రాజు వంక చూశాడు. రాజు స్తంభం వంక చూశాడు. చేసేది లేక సేనాపతి లేచాడు.

కొమ్మన తాపీగా ఈరయ్య పక్కన చేరి, ఏ ఊరు, ఏ వీధి, చీర అంచుకు ఏ రంగులు వేస్తావు అంటూ ఆరా మొదలుపెట్టాడు. పసుపూ ఎరుపూ దాటి నీలం దాకా వచ్చేసరికి సేనాపతికి బాణం తగిలిన మోకాలు సలపడం మొదలైంది.

"చాలయ్యా, చంపేస్తున్నావు! పన్నెండేళ్లయితే మాత్రం ఏం? నొప్పి ఉన్నన్నాళ్లూ దెబ్బ ఉన్నట్టే!"

కొమ్మన రాజుకు చేతులు జోడించాడు.

"ప్రభూ, ఈరయ్య తరఫున నేను చెప్పాల్సింది సేనాపతిగారే చెప్పేశారు."

సభ గొల్లున నవ్వింది. రాజు కళ్లనీళ్లు వచ్చేదాకా నవ్వి, గడువును మంచం దిగిన రోజు నుంచి లెక్కించమన్నాడు. ఈరయ్య మళ్లీ మగ్గం గుంటలో దిగేదాకా అతనింటి తిండి సేనాపతి గాదెలోంచి వెళ్లాలన్నాడు. తన శాలువా తీసి కొమ్మనకు కప్పాడు.

"మరి నా పీటో?" అన్నాడు సింగమనాయుడు మోకాలు పట్టుకుని.

"ఇస్తాంలే నాయుడూ," అన్నాడు రాజు, "ముందు ఈరయ్యను మగ్గం గుంటలో కూచోనీ!"