ఒకే జత కళ్ళు

"సిగ్గు లేదురా నీకు? చచ్చిపోయినవాళ్ళ మొహాలు నమ్మి నీ చేతికిస్తారు. నువ్వేమో ఎంత త్వరగా వదిలించుకుందామా అని చూస్తున్నావు."

సాలూరులో ఫొటోలు దిద్దే పని నేర్పే అప్పలాచారి మాస్టారు అన్న మాట ఇది. శిష్యుడు నూకరాజు అడిగింది చిన్న ప్రశ్నే. సొంత దుకాణం పెట్టుకోబోతూ రెండు ల్యాప్‌టాప్‌లు చూసి వచ్చాడు. ఒకదాని తెర నీడను నీడలా, మచ్చను మచ్చలా చూపిస్తుంది గాని పనికి నెమ్మది. రెండోది పనిలో గుర్రం. తెర మాత్రం వెలిసిపోయినట్టుంటుంది. "రెండోదే తీసుకోనా గురువుగారూ?" అన్నాడు. తిట్లు తిని తల వంచుకున్నాడు. మాస్టారు అతనికి పైడిరాజు సంగతి చెప్పారు.

పైడిరాజూ ఆయన దగ్గర నేర్చినవాడే. బతికుండగా ఒక్క మంచి ఫొటో దిగకుండానే పోయేవాళ్ళు చాలామంది. పోయాక సెల్‌ఫోన్లో తీసిన బొమ్మ పట్టుకొస్తారు ఇంటివాళ్ళు. దండ వేసుకునేందుకు ఆ మూసిన కళ్ళు తెరిపించి ఇవ్వాలి. తోబుట్టువుదో కన్నబిడ్డదో ఫొటో తెప్పించి, అందులోంచి కళ్ళు తీసి, రెప్ప మడత, కనుగుడ్డు రంగు కుదిరేదాకా ఓపిగ్గా దిద్దాలన్నది మాస్టారి పద్ధతి.

పైడిరాజు వేగమైనదే కొన్నాడు. దాని తెర మీద నలుపూ గోధుమా బూడిదా అన్నీ ఒక్కలాగే ఉండేవి. ఎవరి కళ్ళు ఎవరికి అతికించినా తేడా తెలిసేది కాదు. తేడా తెలియనప్పుడు ఇంటింటికీ వెళ్ళి ఫొటోలు అడగడం దేనికనిపించింది. తన ఫొటోలోంచి తన కళ్ళే కత్తిరించి దాచుకున్నాడు. ముసలివాళ్ళకి రెప్పలు కాస్త వాల్చేవాడు. ఆడవాళ్ళకి కాటుక దిద్దేవాడు. టీ చల్లారేలోపు పని అయిపోయేది. ఏడ్చి ఏడ్చి ఉన్నవాళ్ళు పట్టి పట్టి ఏం చూస్తారు? దణ్ణం పెట్టి తీసుకుపోయేవారు.

కొన్నాళ్ళకి, మొగుడు పోయిన ఒకామె సంతలో అతన్ని చూసి, మొగుడే ఎదురైనట్టు కొంగు భుజం నిండా కప్పుకుని పక్కకి తప్పుకుంది. ఎదిగిన కొడుకు పోయిన రాములమ్మ దారికడ్డొచ్చి చెయ్యి పట్టుకుంది.

"చిక్కిపోయావేట్రా? అన్నం తిన్నావా?" అంది. అంతలో తెలివి తెచ్చుకుని, "నువ్వా పైడిరాజూ! అలా చూస్తే మావోడే అనుకున్నాను" అని చెయ్యి వదలకుండానే ఇంటికి తీసుకుపోయింది.

గోడమీద ఆ కొడుకు ఉన్నాడు. పైడిరాజు తలెత్తాడు. కాగితం మీద అచ్చయిన ఆ బొమ్మలోంచి తనే తనను చూస్తున్నాడు. చూపు తప్పించి వీధివైపు తిరిగితే, ఎదురింటి వరండాలో దండ వేసి ఉన్న ఫొటోలోని ముసలమ్మ కాటుక పెట్టుకుని అవే కళ్ళతో చూస్తోంది. గిర్రున రాములమ్మవైపు తిరిగాడు.

"అమ్మా, ఆ ఫొటో ఇయ్యి. ఇంకా బాగా దిద్ది తెస్తాను" అన్నాడు.

రాములమ్మ ఫ్రేము దించి గుండెకి హత్తుకుంది. "రోజూ ఈ కళ్ళల్లోకి చూసే మాటాడుకుంటున్నాను. నా కొడుకు కళ్ళు ఇప్పుడివే. పీక్కుపోతావేటి?"

తను దిద్దిన ఫొటోలున్న ఇళ్ళన్నీ తిరిగి అడిగాడు. ఏ ఇంటా ఇవ్వలేదు. అలసిపోయి ఇంటికి చేరాడు. గుమ్మంలోకి రోజూ ఎదురు పరుగెత్తుకొచ్చే కూతురు హైమ ఆ సాయంత్రం వాళ్ళమ్మ వెనక్కి నక్కింది. పగలంతా పక్కింట్లో, పైడిరాజే దిద్దిన, పోయిన ఆ ఇంటి తాత ఫొటో కింద ఆడుకుని వచ్చింది.

"రావే, ఎత్తుకుంటాను" అన్నాడు.

"నువ్వు కళ్ళు మూసుకో నాన్నా. మూసుకుంటే వస్తాను."

నవ్వుతూ మూసుకున్నాడు. పిల్ల వచ్చి ఒళ్ళో కూర్చుంది. తెరవగానే కెవ్వుమని అరిచి పారిపోయింది.

మాస్టారు అక్కడితో ఆపారు. నూకరాజు, "తర్వాతైనా ఆ పిల్ల భయం పోయిందా గురువుగారూ?" అన్నాడు.

"పోలేదు. ఇప్పుడది పెద్ద పిల్ల. తండ్రికి అన్నం తనే వడ్డిస్తుంది. అది ఎదుట ఉన్నంతసేపూ వాడు కళ్ళు తెరవడు, మూసుకునే తింటాడు. అప్పుడప్పుడూ నా దగ్గరకొచ్చి, పిల్లకి కళ్ళు ఎవరివొచ్చాయి మాస్టారూ అని అడిగి పోతుంటాడు."