నాలుగేళ్ళ వైద్యుడు

ఎక్కడో ఒక రాజ్యం ఉండేదనుకోండి. దానికి ప్రచండవర్మ అని ఒక రాజు. చెడ్డవాడేం కాదు, కాకపోతే తన తెలివి మీద తనకు మహా నమ్మకం. చదువుకునే పేదపిల్లలకు ఖజానా నుంచి భృతి ఇచ్చేవాడు, కానీ నాలుగేళ్ళే.

"నేను సకల శాస్త్రాలూ నాలుగేళ్ళలో ముగించాను. అంతకన్నా కావాలన్నవాడు మందమతి" అనేవాడు. ఆయనకు చదువు చెప్పిన గురువుగారు ఆ మాట విన్నప్పుడల్లా దగ్గుకుంటూ బయటికి వెళ్ళిపోయేవారు.

బుట్టలల్లుకునే వాళ్ళింటి ఓబన్న ఆస్థానవైద్యుడి దగ్గర వైద్యం నేర్చుకుంటున్నాడు. అది ఆరేళ్ళ చదువు. నాలుగో ఏడు దాటగానే భృతి ఆగింది. ఇంట్లో చూస్తే తిండికే కటకట. పాపం, మూట సర్దుకుని, విదూషకుడు తిప్పన్నకు చెప్పి వెళదామని వచ్చి కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు.

తిప్పన్న అతణ్ణి తన ఇంట్లో ఉండమని చెప్పి, రాజుకు మనవి చేశాడు. "ఇంకో రెండేళ్ళు ఇప్పించండి ప్రభూ."

"కుదరదు. నేర్చినదాంతో సరిపెట్టుకోమను."

వారం తిరక్కుండా రాజుగారికి పన్నుపోటు పట్టుకుంది. దవడ బూరెలా పొంగింది. వైద్యుణ్ణి పిలవమంటే తిప్పన్న ఓబన్నను వెంటబెట్టుకొచ్చాడు.

"పన్ను పీకడం వచ్చా?" అని మూలిగాడు రాజు.

"వచ్చు ప్రభూ. నాలుగో ఏట నేర్చుకున్నాను."

రాజు నోరు తెరిచాడు. ఓబన్న పట్టకారుతో పన్ను పట్టుకున్నాడు. అప్పుడు తిప్పన్న తాపీగా అన్నాడు:

"ఒక చిన్న మాట ప్రభూ. రక్తం ఆపడం ఐదో ఏట చెబుతారట. ఇతనికి అది రాదు. అయినా నేర్చినదాంతో సరిపెట్టుకోమని తమరే అన్నారు కదా."

"ఆఁ... ఊఁ..." అన్నాడు రాజు.

"సరేనంటున్నారు. కానివ్వు ఓబన్నా."

రాజు రెండు చేతులా ఓబన్న మణికట్టు పట్టుకుని పట్టకారు బయటికి లాగించాడు. "ఐదో ఏడూ ఇస్తానయ్యా!"

"చీము పట్టకుండా చూడడం ఆరో ఏటనట ప్రభూ."

"ఆరో ఏడూ ఇస్తాను. ఎవరి చదువు ఎప్పుడు ముగిస్తే అప్పటిదాకా అందరికీ ఇస్తాను. ముందు నా పన్ను సంగతి చూడండి."

తిప్పన్న చప్పట్లు కొట్టాడు. పక్కగదిలోంచి ఆస్థానవైద్యుడు మందులపెట్టెతో వచ్చి, ఓబన్నను పక్కన నిలబెట్టుకుని, పని చక్కగా ముగించాడు.

నొప్పి తగ్గాక రాజుకు నవ్వాగలేదు. దవడ పట్టుకునే నవ్వుతూ తన కంకణం తీసి తిప్పన్నకు ఇచ్చాడు. "ఇంతకీ నీ చదువు ఎన్నేళ్ళకు ముగిసిందయ్యా?"

"ఎక్కడ ప్రభూ, తమ కొలువులో ఇంకా చదువుకుంటూనే ఉన్నాను. భృతి మాత్రం ఆపకండి" అన్నాడు తిప్పన్న, కంకణం తొడుక్కుంటూ.