తొమ్మిదో నెంబరు చోట్లో పరాయి కారు

కాకినాడలో బొడ్డపాటి వారింటికి ఎవరు వెళ్ళినా, మంచినీళ్ళకంటే ముందు వాళ్ళ తెలివి సంగతి వినాలి. ఇంటిపెద్ద గవర్రాజు నలభై ఏళ్ళు రికార్డు రూములో పనిచేసి రిటైరైన మనిషి. కాగితం మీద ఉన్నదే నిజం, లేనిది లేదు అని ఆయన నమ్మకం. భార్య తాయారమ్మ చెప్పింది చెప్పినట్టు చేసే మనిషి. డాక్టరు రోజూ అరగంట నడవమన్నాడని, వానపడ్డ రోజున మంచం చుట్టూ నడవడం మొదలుపెట్టి, గోడ గడియారం ఆగిపోయిందని తెలియక మధ్యాహ్నం దాకా నడిచింది. కొడుకు వరహాలు, బస్సులో 'దిగేముందు వెనక చూసుకోండి' అని రాసి ఉంటే, వెనక్కే చూస్తూ దిగి కాలు బెణికించుకున్నాడు. ఇక తాయారమ్మ తమ్ముడు సోమన్న వీళ్ళందరికీ సలహాదారు.

"మన నలుగురి బుర్రలూ ఒకే ఇంట్లో ఉండటం మంచిది కాదు బావగారూ. ఊరికి కూడా కాస్త మిగల్చాలి" అని సోమన్న అంటూంటాడు. గవర్రాజు నిజమేనని తల ఊపుతూంటాడు.

అలాంటి ఇంట్లోకి కారు రాబోతోంది. కొత్తది కాదు, ఎవరో వాడి వదిలేసిందే. అయినా బొడ్డపాటి వారి వంశంలో అదే మొదటి కారు. తాయారమ్మ ముప్ఫై ఏళ్ళుగా స్కూటరు వెనక కూర్చుని, ఒక చేత్తో సీటూ, ఇంకో చేత్తో కొంగూ పట్టుకుని తిరిగింది. "ఒక్కసారి కారులో అన్నవరం వెళ్ళి స్వామిని చూసి రావాలండీ" అని ఆవిడ అన్నప్పుడల్లా గవర్రాజుకి గుండెలో కలుక్కుమనేది. ఇప్పుడా కోరిక తీరే రోజు వచ్చింది.

సిద్ధాంతిగారు ముహూర్తం పెట్టారు. శుక్రవారం పదకొండు గంటల పన్నెండు నిమిషాలకి బండి సొంత చోట్లో చక్రం మోపాలి. ఆ నిమిషం దాటితే మూఢం, మళ్ళీ మూడు నెలలదాకా మంచిరోజు లేదు. "ముహూర్తం దాకా ఇంట్లోవాళ్ళెవరూ బండి మొహం చూడకండి, దిష్టి తగులుతుంది" అని కూడా చెప్పారు.

అంతే. బండి చూడటానికి ఎవరూ వెళ్ళలేదు. బేరం అంతా ఫోన్లోనే. శుక్రవారం బండిని అమ్మినాయనే తెచ్చి అప్పగించాలి. అమ్మినాయన ముచ్చటపడి ఫోటో పంపిస్తే, నలుగురూ గోడవైపు తిరిగి నిలబడ్డారు. మళ్ళీ పంపిస్తాడేమోనని వరహాలు ఇంట్లో ఉన్న ఫోన్లన్నీ ఆపేసి బియ్యం డబ్బాలో దాచాడు.

శుక్రవారం పొద్దున్నే ఎనిమిదింటికి, చోటు కడిగి ముగ్గు పెడదామని నలుగురూ చీపురూ బకెట్టూ పట్టుకుని కిందికి దిగారు. తీరా చూస్తే అపార్టుమెంటు కింద వాళ్ళ తొమ్మిదో నెంబరు పార్కింగు చోట్లో ఎవరిదో తెల్లకారు నిలబడి ఉంది! దాని మెడలో, అంటే ముందు భాగాన, చామంతి దండ. నంబరు పలకకి పసుపూ కుంకుమా.

"చూశారా వాడి పొగరు! మన చోట్లో పెట్టుకోవడానికి పూజ కూడా చేయించుకొచ్చాడు" అంది తాయారమ్మ.

గవర్రాజుకి ఒళ్ళు మండిపోయింది. వాచ్‌మన్ అప్పన్న పరిగెత్తుకొచ్చాడు. "అయ్యగారూ, ఈ కారు సంగతి మీతో..."

"నాతో ఎందుకోయ్? ఈ కారు సంగతి దీని ఓనరుతోనే మాట్లాడాలి. ఇంకెవరితోనూ నోరెత్తకు!"

"అదేనండి, ఓనరుతోనే మాట్లాడదామని వచ్చానండి."

"అయితే ఓనరు వచ్చినప్పుడు మాట్లాడు. ఫో!"

అప్పన్న తల గోక్కుంటూ గేటు దగ్గరికి వెళ్ళిపోయాడు.

నలుగురూ మూడో అంతస్తులో ఉన్న అసోసియేషన్ సెక్రటరీ కామేశంగారి తలుపు తట్టారు. ఆయన అప్పుడే పెసరట్టు ముందు కూర్చున్నాడు. "మర్యాదగా ఒక కాగితం రాసి కారు అద్దానికి అంటించండి. ఓనరుకి కనపడేలా పెట్టండి" అని చెప్పి పంపేశాడు.

గవర్రాజు పాత క్యాలెండరు కాగితాల వెనక నాలుగు పేజీల నోటీసు రాశాడు. తాయారమ్మ మైదా ఉడికించి గిన్నెడు జిగురు తెచ్చింది. వరహాలు అంటించబోతూంటే సోమన్న చెయ్యి పట్టుకున్నాడు.

"ఆగరా అల్లుడూ! కారు ఓనరు కూర్చునేది లోపలా బయటా?"

"లోపల మావయ్యా."

"మరి అక్షరాలు బయటికి పెడితే ఓనరుకెలా కనపడతాయిరా? లోపలికి తిప్పు!"

సోమన్న బుర్రకి గవర్రాజు కళ్ళు చెమర్చాయి. ఇంకేముంది, అక్షరాల మీదే మైదా పట్టించి, ముందు అద్దం మొత్తం కనపడకుండా నాలుగు కాగితాలూ అంటించేశారు. మిగిలిన జిగురు పారబోయడమెందుకని పక్క అద్దాలకీ పూశారు. తాయారమ్మ గిన్నె కూడా అక్కడే తుడిచింది.

అరగంట చూశారు. ఓనరు రాలేదు. మళ్ళీ కామేశంగారి దగ్గరికి వెళ్ళారు. ఆయన రెండో పెసరట్టు మీద ఉన్నాడు. విసుగొచ్చింది. "అయితే కారు కదలకుండా కట్టిపడేయండి. వాడే దిగొస్తాడు!" అన్నాడు.

అంతే. స్కూటరు గొలుసు తెచ్చి కారు చక్రాన్ని స్తంభానికి కట్టి తాళం వేశారు. ఓనరుకి దొరక్కూడదని సోమన్న ఆ తాళంచెవిని తీసుకెళ్ళి మురుగుకాలవలో పారేశాడు. గొలుసు ఒక్క చక్రానికే సరిపోయిందని వరహాలు నాలుగు చక్రాల్లోనూ గాలి తీసేశాడు. కారు ఉస్సురని కూలబడింది.

"ఇక ఇంచి కూడా కదలదు నాన్నా!"

"శభాష్! ఇప్పుడు దీన్ని పదకొండింటిలోగా ఇక్కణ్ణించి పంపించేస్తే చాలు" అన్నాడు గవర్రాజు. అని, తన మాట తనకే ఏదో తేడాగా అనిపించి ఒక్క క్షణం ఆగాడు. కానీ మిగతా ముగ్గురూ తల ఊపుతూంటే, ఆ అనుమానాన్ని మనసులోంచి తీసేశాడు.

అప్పన్న మళ్ళీ వచ్చాడు. ఈసారి గుప్పిట్లో ఏదో గలగలలాడుతోంది. "అయ్యగారూ, ఒక్కమాటండీ. పొద్దున్న అయిదింటికి ఒకాయన వచ్చి..."

"ఓనరు వచ్చాడా?" అని నలుగురూ ఒకేసారి అరిచారు.

"లేదండి. ఓనరుగారు ఎనిమిదింటికి కిందికి దిగారండి."

"దిగితే మాకెందుకు చెప్పలేదు? ఎటు పోయాడు?"

అప్పన్న గవర్రాజు మొహంలోకి చూశాడు. ఆయన కళ్ళు ఎర్రగా ఉన్నాయి. పొద్దున్న 'నోరెత్తకు' అన్నది గుర్తొచ్చింది. ఉద్యోగం ముఖ్యమనుకుని వెనక్కి తిరిగాడు.

ఓనరు ఇక్కడే ఎక్కడో ఉన్నాడని తెలిసిపోయింది కదా, ఇక పిలవడమే తరువాయి. వరహాలు కారుని ఊపాడు. అది కుయ్యో కుయ్యోమని అరవడం మొదలుపెట్టింది.

"ఓనర్ని పిలుస్తోంది పాపం! ఇంకా ఊపరా!" అంది తాయారమ్మ. నలుగురూ నాలుగువైపులా చేరి పావుగంట ఊపారు. మిగతా పదకొండు ఇళ్ళవాళ్ళూ చెవులు మూసుకుని బయటికొచ్చారు. కామేశంగారు కూడా మూతి తుడుచుకుంటూ దిగాడు.

"ఎవరిదండీ ఇది?" అంటే అందరూ మాది కాదంటే మాది కాదన్నారు.

"నోటిమాట చెల్లదు. రాతలో ఉండాలి" అన్నాడు గవర్రాజు. 'ఈ కారు నాది కాదు' అని పైన పెద్ద అక్షరాలతో రాసి ఇంటింటి సంతకం తీసుకున్నాడు. పదకొండు సంతకాలయ్యాయి. పన్నెండోది తన ఇల్లు. చట్టం అందరికీ ఒకటే కాబట్టి, కళ్ళజోడు సవరించుకుని, 'ఈ కారు నాది కాదు' కింద తను కూడా నిండుగా సంతకం పెట్టి తారీఖు వేశాడు.

గేటు దగ్గర అప్పన్న రెండు చేతులతో తల పట్టుకున్నాడు.

ఎవరిదీ కాని కారుని ఇంకేం చేస్తారు? కామేశంగారు తన ఫోన్లోంచి, బండ్లు ఎత్తుకెళ్ళే క్రేనుకి కబురు పెట్టాడు. క్రేను మేస్త్రి వచ్చి, గొలుసు కోసి, పన్నెండు సంతకాల కాగితం జేబులో పెట్టుకుని, కారుని గాల్లోకి లేపాడు. అప్పటికి పదకొండు దాటి ఎనిమిది నిమిషాలు. బొడ్డపాటి వారి ఆనందం ఇంతా అంతా కాదు. తాయారమ్మ కారుకి ఎదురెళ్ళి, మళ్ళీ తిరిగిరాకూడదని దిష్టి తీసి మరీ సాగనంపింది. గబగబా చోటు కడిగారు. ముగ్గు పడింది. నిమ్మకాయలు సిద్ధం.

"కళ్ళు మూసుకోండి! చక్రం మోపేదాకా చూడకూడదు!" అన్నాడు గవర్రాజు. నలుగురూ వరసగా నిలబడి కళ్ళు మూసుకున్నారు. గవర్రాజు కొబ్బరికాయ పైకెత్తి పట్టుకున్నాడు. తాయారమ్మ ఆయన చొక్కా అంచు పట్టుకుని, "అన్నవరం ఆదివారమే వెళదామండీ" అంది.

"ఆదివారమే."

చాలాసేపయింది. "వచ్చిందా?" అంది తాయారమ్మ. "చప్పుడు లేదక్కా, మంచి ఇంజను" అన్నాడు సోమన్న.

"అయ్యగారూ" అని అప్పన్న గొంతు వినపడింది. "పదకొండూ ఇరవై అయిందండి. ఇప్పుడు కళ్ళు తెరిచినా తెరవకపోయినా ఒకటేనండి. ఇవిగో మీ కారు తాళాలు. పొద్దున్న అయిదింటికి అమ్మినాయన తెచ్చి, మీ చోట్లోనే పెట్టి, దండేసి, నా చేతికిచ్చి వెళ్ళాడండి. మీ ఫోన్లు పలకలేదంట."

గవర్రాజు కళ్ళు తెరిచాడు. ముగ్గు మధ్య ఏమీ లేదు. వరహాలు పైకి పరిగెత్తి బియ్యం డబ్బాలోంచి ఫోను తీసి, ఆ ఫోటో చూసి, మెట్ల మీదే కూలబడ్డాడు. తెల్లకారు. అదే నంబరు.

తాయారమ్మ ఏడవలేదు, తిట్టలేదు. "నా చేత్తో నేనే దిష్టి తీసి పంపించాను కదండీ" అంది, అంతే. గవర్రాజుకి ఆవిడ మొహం చూసే ధైర్యం లేక, చెప్పులు కూడా వేసుకోకుండా క్రేను షెడ్డుకి బయల్దేరాడు.

మేస్త్రి జేబులోంచి కాగితం తీశాడు. "ఇది మీ సంతకమేనా మాస్టారూ? నాది కాదని రాసిచ్చి ఇప్పుడు నాదంటే ఎలాగండి? దీనికి ఎదురు కాగితం ఏదైనా రాయించుకు రండి, ఇచ్చేస్తాను."

ఆ మాట వినగానే గవర్రాజు ప్రాణం లేచొచ్చింది. పద్ధతి తెలిసిన మనిషి దొరికాడు! నాది అని అక్కడే రాసివ్వబోయాడు. వెనకే వచ్చిన సోమన్న ఆపాడు.

"తొందరపడకండి బావగారూ. కాదన్నది ఎంతమంది?"

"పన్నెండు మంది."

"మీరొక్కరే అవునంటే మీదొక్కటే కొట్టుకుపోతుంది. మిగతా పదకొండు కాదులూ అలాగే ఉండిపోవూ? పన్నెండు కాదులకి పన్నెండు అవునులు పడాలి!"

గవర్రాజు బావమరిదిని కౌగిలించుకున్నంత పనిచేశాడు. ఇంకేముంది, ఇంటికొచ్చి పైన పెద్ద అక్షరాలతో 'ఈ కారు నాది' అని రాసి, ముందుగా కామేశంగారి తలుపు తట్టాడు. ఆయన దాన్ని రెండుసార్లు చదివాడు. గవర్రాజు మొహంలోకి చూశాడు.

"ఆలోచించే రాశారా గవర్రాజుగారూ?"

"పద్ధతి ప్రకారం రాశానండి."

కామేశంగారు వెంటనే కలం తీసి సంతకం పెట్టేశాడు. ఆయన్ని చూసి మిగతా పదిమందీ పెట్టారు. పొద్దున్న తలుపు తియ్యడానికే విసుక్కున్నవాళ్ళు ఇప్పుడు ఎదురొచ్చి మరీ పెట్టారు. చివరి సంతకం, ఎప్పటిలాగే, గవర్రాజుది.

సాయంత్రానికల్లా కారు తిరిగొచ్చి తొమ్మిదో నెంబరు చోట్లో నిలబడింది. ఆ రాత్రే అసోసియేషన్ మీటింగు పెట్టి, పన్నెండుమంది ఓనర్లున్న కారు కాబట్టి వారానికొకరు చొప్పున, సంతకాల వరస ప్రకారం వాడుకోవాలని తీర్మానం చేశారు. గవర్రాజు ఆ తీర్మానాన్ని తనే అందంగా రాసిపెట్టాడు. బొడ్డపాటి వారి వంతు పన్నెండో వారం. అప్పటికి మూఢం కూడా వెళ్ళిపోతుందని సోమన్న లెక్కగట్టి చెబితే ఇంట్లో అందరూ సంతోషించారు.

ఆదివారం గవర్రాజు తాయారమ్మని స్కూటరు ఎక్కించుకుని అన్నవరం బయల్దేరాడు. ఊరు దాటాక, వెనక నించి తెల్లకారు హారను కొడుతూ వాళ్ళని దాటుకుపోయింది. కిటికీలోంచి కామేశంగారి భార్య చెయ్యి ఊపింది. తాయారమ్మ ఒక చేత్తో సీటూ, ఇంకో చేత్తో కొంగూ పట్టుకుని ఉండటంతో తిరిగి ఊపలేకపోయింది.

గవర్రాజుకి మళ్ళీ గుండెలో కలుక్కుమంది. మెడ కాస్త వెనక్కి తిప్పి, "ఏదేమైనా తాయారూ, పరాయి కారుని మాత్రం మన చోట్లో ఉండనివ్వలేదు!" అన్నాడు.

"మీరున్నారు కాబట్టి సరిపోయిందండీ" అంది తాయారమ్మ.