గుమ్మడికాయ పులుసూ, కోటనిండా నూకాలులూ

అనగనగనగా, కొండల అవతల ఒక ఊరు. ఆ ఊళ్ళో ఏ ఆడపిల్ల పుట్టినా నూకాలమ్మ తల్లి పేరే పెట్టేవారు. ఇంకో పేరు పెడితే అమ్మవారు అలుగుతుందని భయం. అంచేత పాల నూకాలు, గాజుల నూకాలు, కుండల నూకాలు, పొట్టి నూకాలు, పొడుగు నూకాలు, నిద్రలో నవ్వే నూకాలు. వీధిలో నిలబడి నూకాలూ అని పిలిస్తే వీధి వీధంతా తిరిగి చూసేది. ఏమర్రా, ఊ కొట్టడం మానేశారు?

ఓ రోజు వేటకొచ్చిన రాజు దారి తప్పి, ఆకలేసి, పాల నూకాలు అరుగు మీద చతికిలబడ్డాడు. రాజని ఆవిడకేం తెలుసు? కాళ్ళు కడుక్కోమని చెంబు ఇచ్చి, గుమ్మడికాయ పులుసు పోసి అన్నం పెట్టింది. తిన్నంతసేపూ ఆయన విస్తరి వంకే చూశాడు గానీ వడ్డించే మనిషి మొహం చూస్తేనా? పేరు మాత్రం అడిగి వెళ్ళిపోయాడు.

మర్నాటి నుంచీ కోటలో ఏం తిన్నా గడ్డి నమిలినట్టే ఉంది. నూకాలుని పట్టుకు రండి, ఇక మన వంటింట్లోనే ఉంటుంది అన్నాడు. ఆ వంటింటికో పాడు కట్టుబాటు ఉంది. అందులో అడుగుపెట్టిన వంటమనిషి మళ్ళీ ఇంటిమొహం చూడకూడదు. పాల నూకాలు ఎలా వెళ్తుంది? పాలు తాగే పిల్ల ఉందాయె.

దాన్నొక్కదాన్నీ ఎలా పంపుతామని గాజుల నూకాలు లేచింది, కుండల నూకాలు లేచింది, పొట్టీ పొడుగూ లేచారు. అందరూ కొంగు దోపి కోటకెళ్ళారు. రాజుకి ఒక్క మొహమూ గుర్తు లేదు. అందరూ పులుసు వండండి, రుచి చూసి పట్టేస్తానన్నాడు.

అప్పుడు పాల నూకాలు ఏమందనుకున్నారు? ఆడవాళ్ళం గుమ్మడికాయకి కత్తి పెట్టకూడదు, తినబోయేవారే కొయ్యాలి అంది. మగవాళ్ళు కొయ్యాలన్నది నిజమేగానీ తినేవాడే కొయ్యాలన్నది ఆవిడ కల్పన. పాపం రాజు, కిరీటం జారిపోతుంటే ఎత్తి పెట్టుకుంటూ కాయ మీద కాయ కోశాడు. చేతులు బొబ్బలెక్కాయి. తెర వెనక ఎవరో కిసుక్కుమన్నారు.

తీరా తింటే పులుసులన్నీ ఒకటే రుచి. అమ్మవారి జాతరకి అందరూ కలిసి వండుకునే పులుసేగా మరి. రాజుకి ఒళ్ళు మండి, అయితే అందరూ ఇక్కడే పడుండండి అన్నాడు. పొడుగు నూకాలు ఏడుపందుకుంది.

పాల నూకాలు ఏడవలేదు. ఇందాక నవ్విన మనిషి ఎవరో, నా మాట అబద్ధమని మా వైపు వాళ్ళకి తప్ప ఎవరికి తెలుస్తుందని, తిన్నగా తెర దగ్గరికెళ్ళింది. అక్కడ రాణిగారు. అమ్మా, పుట్టింట్లో మిమ్మల్ని ఏమని పిలిచేవారని అడిగింది. రాణికి కళ్ళ నీళ్ళు తిరిగాయి. పెళ్ళిలో పళ్ళెంలో బియ్యం పోసి మణిమాలికాదేవి అని కొత్త పేరు రాశారట. ఆ తర్వాత పాత పేరు అడిగినవాళ్ళే లేరట.

“నూకాలు” అంది.

రాజు తెల్లబోయి, ఇన్నాళ్ళూ చెప్పలేదేమన్నాడు. మీరు అడిగితేగా అంది రాణి. వీళ్ళని పంపేసి ఆ కట్టుబాటు తీసేస్తే పులుసు నేనే పెడతాను, జాతరకి మాత్రం పుట్టింటికి పోతాను, కాయ ఎప్పుడూ మీరే కొయ్యాలి అంది. రాజు బొబ్బల చేతులు చూసుకుని సరేనన్నాడు.

పిల్ల ఆకలికి లేచే వేళకి పాల నూకాలు ఇంట్లో ఉంది. అందరూ సుఖంగా ఉన్నారు. అంచేత, అన్నం పెట్టే మనిషి మొహం చూడండర్రా, పేరు అడగండి.

అవునూ, ఇంతకీ నా పేరేమిటి? అమ్మమ్మ కాదు, అసలు పేరు. ఏం, నోళ్ళు పెగలవే? రేపు చెప్పినవాళ్ళకే పులుసు. కథ కంచి దారి పట్టింది, మీరు దుప్పటి దారి పట్టండి.